రబ్బరు బ్యాండ్ వేసిన పుస్తకాలు

(ఒక కౌంటీ లైబ్రరీ మీటింగ్ రూములో శనివారం మధ్యాహ్నం తెలుగు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు రండి. మైకు లేదు, నా గొంతు అంతంతమాత్రం. పిల్లల్ని పక్కగదిలో రంగు పెన్సిళ్ళతో కూర్చోబెట్టారు కాబట్టి మనకో ముప్పావుగంట దొరికింది.

లోపలికొస్తూనే ఇద్దరు ముగ్గురు అడిగారు, ఆ బల్ల మీద జంటలుగా కట్టిన పుస్తకాలకి రెండేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు ఎందుకు వేశారని. వేసింది నేనే. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ రబ్బరు బ్యాండ్ గురించే అనుకోండి.

మనలో చాలామందికి అమెరికా చరిత్ర ఎక్కడ తెలిసింది? సిటిజన్‌షిప్ పరీక్షకి. నేనూ అంతే. వంద ప్రశ్నలు కారులో ఆఫీసుకి వెళ్తూ వస్తూ బట్టీ పట్టాను. మొదటి ప్రెసిడెంట్ ఎవరు, అంతర్యుద్ధం ఎందుకొచ్చింది. పరీక్ష పాసయ్యాను గానీ, ఈ దేశంలో నూట యాభై ఏళ్ళ కిందట ఒక మామూలు ఇంట్లో పొయ్యిలోకి ఏం పెట్టేవాళ్ళో నాకు తెలియదు. అది పిల్లల పుస్తకాల వల్లే తెలిసింది. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అటూ ఇటూగా స్టేట్ హిస్టరీ పెడతారు కదా. మా అమ్మాయికి అది వచ్చినప్పుడు దానికోసం లైబ్రరీకి తిరగడం మొదలెట్టి, చివరికి ఇక్కడే పిల్లల విభాగంలో వాలంటీరుగా స్థిరపడ్డాను.

మొదటి పుస్తకంతోనే మొదలుపెడతాను. లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'ద లాంగ్ వింటర్'. 1940లో వచ్చింది. ఆవిడ మొదటి పుస్తకం 1932లో వచ్చేసరికి ఆవిడకి అరవై అయిదేళ్ళు. అరవై దాటాక కూర్చుని తన చిన్నతనం రాసుకుంటూ పోయింది. విస్కాన్సిన్ అడవి, కాన్సాస్ మైదానం, మిన్నెసోటా వాగు ఒడ్డు, చివరికి డకోటా. 'లాంగ్ వింటర్'లో ఉన్నది డకోటాలో డి స్మెట్ అనే ఊరు. అప్పుడే వెలిసిన ఊరు. ఉప్పు దగ్గర్నుంచి బొగ్గు దాకా అన్నీ రైల్లో రావాలి. 1880 అక్టోబరులోనే మొదటి మంచు తుపాను పడింది. జనవరిలో రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మే నెలలోగానీ రాలేదు.

నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. నాకు తెలిసిన చలల్లా భోగిమంట ముందు అరచేతులు కాచుకునేంత చలి. అలాంటిదాన్ని ఈ పుస్తకం చదువుతుంటే మే నెలలో దుప్పటి తెచ్చుకున్నానండీ.

బొగ్గు అయిపోయింది. ఆ మైదానంలో కొట్టుకుందామంటే చెట్టు లేదు. మరి పొయ్యిలోకి? వాళ్ళ నాన్న గడ్డివాము నుంచి ఎండుగడ్డి తెచ్చి, దాన్ని గట్టిగా మెలిపెట్టి, మడిచి, కట్టెపుల్లలా చేస్తాడు. మన ఊళ్ళలో వరిగడ్డితో వెంటి పేనతారే, అచ్చం అలాగే. తాడు కోసం కాదు, మంట కోసం. ఒక్కో గడ్డికట్టె నిమిషాల్లో కాలిపోతుంది. అందుకని పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆ చలికొట్టంలో కూర్చుని పేనుతూనే ఉండాలి. లారా చేతులు గడ్డి కోసుకుపోయి నెత్తురు వస్తుంది. కిరసనాయిలు అయిపోయాక వాళ్ళమ్మ చేసిన దీపం చూడండి: ఒక బొత్తాన్ని గుడ్డముక్కలో పెట్టి, దారంతో చుట్టి, గుడ్డ కొసని పైకి మెలితిప్పి, బండి ఇరుసుకి రాసే గ్రీజు ఉన్న సాసర్లో నిలబెట్టింది. అదే వత్తి, అదే ప్రమిద. ఇంట్లో పిండి నిండుకుంటే కాఫీ గింజలు పొడిచేసే చిన్న మరలో గోధుమలు పోసి గంటల తరబడి తిప్పుతారు. ఊళ్ళో గోధుమలూ అయిపోతాయి. అప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు, ఎవరో రైతు దగ్గర విత్తనాలకి దాచిన గోధుమలున్నాయట అన్న పుకారు పట్టుకుని మంచులో పడి వెళ్తారు. రైతు ఇవ్వనంటాడు. విత్తనాలు తినేస్తే వచ్చే ఏడు ఏం వేస్తాడు? ఆ బేరం నడిచే రెండు పేజీలు రైతు ఇంట పుట్టినవాళ్ళు చదివితే వేరుగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఆవిడ ఈ పుస్తకానికి పెట్టుకున్న పేరు 'హార్డ్ వింటర్'. ఆ ప్రాంతం వాళ్ళు ఆ చలికాలాన్ని అలాగే పిలుచుకున్నారు. పిల్లల పుస్తకానికి 'కఠినం' ఏంటని ప్రచురణకర్తలు మార్చారు. మరొకటి, ఆ చలికాలం ఆ ఇంట్లో ఇంకో జంట, వాళ్ళ పసిబిడ్డ కూడా ఉన్నారు. ఆవిడ ముందు రాసుకున్న ఆత్మకథలో వాళ్ళున్నారు. 2014లో అది అచ్చయింది. నవలలో మాత్రం వాళ్ళు లేరు. ఒంటరి కుటుంబం తన కష్టంతో నెగ్గుకొచ్చింది అని చెప్పాలంటే పరాయి జంట అడ్డం కదా! చరిత్ర అబద్ధం అని కాదు నేననేది. కథ చెప్పేవాళ్ళు ఎవర్నో ఒకర్ని గదిలోంచి బయటికి పంపుతారు. ఎవర్ని పంపారో కనిపెట్టడమే మన పని.

ఇక నా సొంత గోల. ఆ వరసలోనే తర్వాతి పుస్తకం, 'లిటిల్ టౌన్ ఆన్ ద ప్రెయిరీ', రాత్రిళ్ళు మా అమ్మాయికి చదివి వినిపిస్తున్నాను. అందులో ఒకచోట ఊరివాళ్ళ వినోదం కోసం అయిదుగురు తెల్ల మగవాళ్ళు మొహాలకి నల్లరంగు పూసుకుని గెంతుతారు. వాళ్ళలో లారా నాన్న ఒకడు. అప్పటిదాకా మా ఇంట్లో హీరో ఆయనే. నాకేం చెయ్యాలో తోచక నాలుగు పేజీలు ఒక్కసారే తిప్పేశాను. పిల్లలు ఊరుకుంటారా? "అమ్మా, పేజీలు అతుక్కుపోయాయి, ఉండు నేను తీస్తా" అంది. (నవ్వులు) ఆ రాత్రి మా ఆయన నిద్రపోయేదాకా మేమిద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం. సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. రబ్బరు బ్యాండ్ ఆలోచన ఆ రాత్రి పుట్టిందే.

అంతకంటే పేరుమోసిన పుస్తకం 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ', 1935. కాన్సాస్ కథ. దాని మొదటి అధ్యాయంలో ఒక మాట ఉండేది. ఆ మైదానంలో మనుషులు లేరు, ఇండియన్లు (అంటే ఈ నేల మూలవాసులు) మాత్రమే ఉన్నారని. మన పిల్లాడెవడైనా చదివితే ఆ 'ఇండియన్లు' మనమే అనుకునే ప్రమాదం ఉంది, అది వేరే సంగతి. 1952లో ఒక పాఠకురాలు ప్రచురణ సంస్థకి ఉత్తరం రాసింది, ఇండియన్లు మనుషులు కాదా అని. అన్నేళ్ళపాటు ఆ ఆఫీసులో ఒక్కరి కంటికీ ఆ వాక్యం అడ్డు తగల్లేదు! ఎనభై అయిదేళ్ళ రచయిత్రి అది తన తెలివితక్కువ పొరపాటేనని ఒప్పుకుంది. తర్వాతి ముద్రణలో 'మనుషులు' తీసేసి 'సెటిలర్లు' అని పెట్టారు. ఒక్క మాట మారింది. కథ మారలేదు. ఆ కుటుంబం గుడిసె వేసుకున్న నేల ఓసేజ్ అనే మూలవాసి జాతివాళ్ళది. చట్టం ప్రకారం అక్కడ ఇల్లు కట్టుకునే హక్కు వీళ్ళకి లేదు. పుస్తకంలో మాత్రం ఓసేజ్ వాళ్ళు గుర్రాల మీద వరసకట్టి వెళ్ళిపోతుంటే పాప గుమ్మంలో నిలబడి చూస్తుంది. వాళ్ళెక్కడికి పోయారో పుస్తకం చెప్పదు. ఓక్లహోమాకి పోయారు.

2018లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ పిల్లల విభాగం వాళ్ళు ఆవిడ పేరు మీద 1954 నుంచి ఇస్తున్న అవార్డుకి పేరు మార్చారు. పెద్ద గొడవయింది. అవార్డు పేరు మార్చినందుకు నాకు బాధ లేదు. పుస్తకాలు షెల్ఫులోంచి తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోను. ఆ గడ్డికట్టెలు, ఆ బొత్తాం దీపం ఇంకెవరు చెప్తారు? పక్కన ఇంకో పుస్తకం పెడితే సరిపోతుంది.

ఆ ఇంకో పుస్తకం ఇదిగో. లూయీస్ ఎర్డ్రిక్ రాసిన 'ద బర్చ్‌బార్క్ హౌస్', 1999. బొమ్మలు కూడా ఆవిడే వేసుకుంది. లారా పుట్టింది 1867లో విస్కాన్సిన్‌లో. ఈ కథ జరిగేది అంతకి ఇరవై ఏళ్ళ ముందు, 1847లో, లేక్ సుపీరియర్ సరస్సులో మాడెలిన్ అనే దీవి మీద. ఇప్పటి మ్యాపులో అదీ విస్కాన్సినే. అంటే 'అక్కడ మనుషులు లేరు' అన్న మాటకి ఇంతకంటే దగ్గరి జవాబు ఉండదు. ఎర్డ్రిక్ ఒజిబ్వే అనే మూలవాసి జాతి మనిషి. తల్లితో కలిసి తమ వంశం గురించి వెతుకుతుంటే పూర్వీకులు ఆ దీవి మీద ఉండేవాళ్ళని తెలిసిందట.

కథలో పిల్ల పేరు ఒమకయాస్, అంటే చిన్న కప్ప. ఏడేళ్ళది. ఆ పిల్లకి ప్రపంచంలో అన్నిటికంటే అసహ్యం దుప్పితోలు గీకడం. అమ్మ పని చెప్తుందని తప్పించుకు తిరుగుతుంటుంది. అక్క అందగత్తె, తమ్ముడు ఒట్టి పోకిరి, నానమ్మకి ప్రతి ఆకూ తెలుసు. పుస్తకం వేసవి, ఆకురాలు కాలం, చలికాలం, వసంతం అని నాలుగు భాగాలు. దీన్నీ, లారా మొట్టమొదటి పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తమాషా తెలుస్తుంది. లారా తాతగారి ఇంట మేపుల్ చెట్లకి బెజ్జం వేసి పాకం కాస్తారు. ఒమకయాస్ వాళ్ళూ వసంతంలో మేపుల్ పాకం కాస్తారు. అదే చెట్టు, అదే తీపి. తెల్లవాళ్ళకి అది నేర్పిందెవరో వేరే చెప్పక్కర్లేదు.

చలికాలం భాగంలో ఊళ్ళోకి ఒక బాటసారి వస్తాడు, ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. మశూచి. మన పెద్దవాళ్ళు పెద్దమ్మవారు అనేవారే, అదే. ఇల్లిల్లూ పడకేస్తుంది. ఒమకయాస్‌కి మాత్రం రాదు, ఎందుకు రాదో చివర్లో తెలుస్తుంది, నేను చెప్పను. ఆ పిల్ల నానమ్మతో కలిసి అందరికీ నీళ్ళు పడుతూ తిరుగుతుంది. వాళ్ళింట్లో పసివాడు దక్కడు. ఈ అధ్యాయం పిల్లల్ని ఒంటరిగా చదవనివ్వకండి. పక్కన కూర్చోండి.

డి స్మెట్‌కి కూడా ఒక జంట ఉంది. లిండా సూ పార్క్ రాసిన 'ప్రెయిరీ లోటస్', 2020. కొరియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల కూతురు ఆవిడ. చిన్నప్పుడు లారా పుస్తకాలంటే ప్రాణం. తను లారాకి స్నేహితురాలినని ఊహించుకునేది. పెద్దయ్యాక, లారా వాళ్ళమ్మ తనని గుమ్మం తొక్కనిచ్చేది కాదని అర్థమై ఈ నవల రాసింది. డకోటా ఊరు, 1880, సగం చైనా రక్తం ఉన్న పిల్ల, పేరు హానా. ఆ పిల్ల బడికొస్తే మిగతావాళ్ళు బడి మానేస్తారు. మన పిల్లలకి ఇది చప్పున ఎక్కుతుంది.

ఇక దక్షిణాదికి వద్దాం. లోయిస్ లెన్స్కీ అని ఒకావిడ. ఈవిడ పద్ధతి నాకు భలే ఇష్టం. ఒక ప్రాంతానికి వెళ్ళడం, అక్కడి పేదింటి పిల్లలతో కూర్చోవడం, బొమ్మలు గీసుకోవడం, వాళ్ళ మాట యథాతథంగా రాసుకోవడం. అలా లూజియానా, ఓక్లహోమా చమురు ఊళ్ళు, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనులు, సౌత్ డకోటా బడి, ప్రాంతానికో పుస్తకం రాసింది. 'స్ట్రాబెర్రీ గర్ల్'కి 1946లో న్యూబెరీ పతకం, అంటే అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి, వచ్చింది. ఫ్లోరిడాలో కొత్తగా వచ్చిన కుటుంబం స్ట్రాబెర్రీ తోట వేస్తుంది. పక్కవాళ్ళ ఆవులు, పందులు వచ్చి పడి తొక్కేస్తాయి. మన ఊళ్ళో అయితే తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టిస్తాం. అక్కడ తలకిందులు. పశువుని వదిలేయడం తప్పు కాదు, తోటకి కంచె వేసుకోకపోవడం నీ తప్పు. ఫ్లోరిడా రాష్ట్రమంతటా పశువుల్ని కట్టడి చేయాలని చట్టం వచ్చింది 1949లో. ఆ తగవుని చరిత్ర పుస్తకంలో రాస్తే ఒక లైను. ఇక్కడ అది ఒక ఆడపిల్లకీ పక్కింటి కుర్రాడికీ మధ్య కొట్లాట. ముగింపు మాత్రం నాకు నచ్చలేదు. తాగుబోతు పొరుగాయన పాదిరీ మాటలు విని ఒక్కరోజులో మారిపోతాడు. మన పాత సినిమాల్లో విలన్ ఆఖరి రీల్లో మారినట్టు.

ఈవిడదే 'కాటన్ ఇన్ మై శాక్', 1949. ఆర్కాన్సాలో పత్తిచేల పిల్లలు ఈవిడ కథ రేడియోలో విని, మా గురించి కూడా రాయమని ఉత్తరం రాశారట. వెళ్ళింది. వాళ్ళతో చేలో తిరిగింది. మా వైపు పత్తి తీత అంటాం, వరంగల్ వైపు పత్తి ఏరడం అంటారు. ఆ కాయ మొనలు వేళ్ళకి ఎలా గుచ్చుకుంటాయో తెలిసినవాళ్ళు ఈ గదిలో కనీసం నలుగురు ఉంటారు. మనవాళ్ళు ఒడి కట్టుకుంటే ఆ పిల్లలు తమకంటే పొడుగైన సంచి భుజాన వేసుకుని నేలమీద ఈడ్చుకుంటూ పోతారు. బడి మానేసి.

దానికి నేను కట్టిన జంట 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై'. మిల్డ్రెడ్ టేలర్, 1976. అదీ పత్తిచేల కథే, మిసిసిపీ, 1933. ఆవిడ పుట్టింది మిసిసిపీలో, పెరిగింది ఒహాయోలో. తండ్రి చెప్పిన కథలు. లోగన్ కుటుంబానికి నాలుగు వందల ఎకరాలుంది. నల్లజాతి కుటుంబానికి సొంత నేల ఉండడమే అక్కడ పెద్ద నేరం. పన్నులు, అప్పు, పక్క భూస్వామి కన్ను. ఎకరం కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కడం చూసిన మనకి ఆ తండ్రి నేల ఎందుకు వదలడో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇందులో ఒక్క సంఘటన చెప్తాను. బడి మొదటిరోజు. కథ చెప్పేది లోగన్ వాళ్ళమ్మాయి కేసీ. ఆ పిల్ల చిన్న తమ్ముడు, ఆరేళ్ళు, వాడికి శుభ్రం పిచ్చి. నడిచి వెళ్తుంటే తెల్లపిల్లల స్కూల్ బస్సు కావాలనే ఎర్ర దుమ్ములో ముంచేసి పోతుంది. వీళ్ళకి బస్సు లేదు. సరే, క్లాసుకి చేరారు. ఈ ఏడు పాఠ్యపుస్తకాలు వచ్చాయని టీచరు సంబరంగా పంచుతుంది. పాతవి, మురికివి. వాడు పుస్తకం తెరిచి చూసి, ఒక్కసారిగా నేలకేసి కొట్టి కాళ్ళతో తొక్కుతాడు. ఎందుకు? కేసీ తీసి చూస్తుంది. అట్ట లోపల ఒక పట్టీ అంటించి ఉంది. మన లైబ్రరీ పుస్తకాల్లో తేదీలు ముద్ర వేసే పట్టీ ఉండేదే, అలాంటిది. ఏ ఏడాది ఇచ్చారు, పుస్తకం ఏ స్థితిలో ఉంది, తీసుకున్న పిల్లల జాతి ఏంటి. 1922లో కొత్తది, తెల్లపిల్లలు. అలా పదకొండు వరసలు, పుస్తకం స్థితి దిగజారుతూ వస్తుంది. పన్నెండో వరస: 1933, చాలా అధ్వాన్నం. జాతి అన్నచోట నల్లవాళ్ళని తక్కువ చేసే మాట. ఆరేళ్ళ పిల్లవాడికి చదవడం వచ్చు. అదీ గొడవ.

టీచరు వాణ్ణి కొడుతుంది. వాళ్ళమ్మ కూడా ఆ బడిలోనే టీచరు. సాయంత్రం ఆవిడకి విషయం తెలుస్తుంది. ఆవిడ ఉపన్యాసం ఇవ్వదు, ఏడవదు. కాగితం, కత్తెర, జిగురు తీసుకుని ఆ పట్టీ సైజుకి కాగితం కత్తిరించి దానిమీద అంటిస్తుంది. ఒక పుస్తకం, ఇంకో పుస్తకం, తన క్లాసు పుస్తకాలన్నిటికీ. ఆ జిగురు సంగతి మళ్ళీ వస్తుంది, ఆవిడ ఉద్యోగం పోయేటప్పుడు. నల్లవాళ్ళని అన్నిచోట్లా వేరుగా ఉంచిన జిమ్ క్రో చట్టాల మీద ఎన్ని వ్యాసాలు చదివినా నాకు ఆ పట్టీ గుర్తున్నట్టు ఇంకేదీ గుర్తులేదు.

టైము చూసుకోవాలి. మిగతావి గబగబా చెప్తాను. కరెన్ హెస్ 'ఔట్ ఆఫ్ ద డస్ట్', 1997. మొత్తం వచన కవితలు, ఓక్లహోమా, 1934-35. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర పెరిగిందని గడ్డినేలంతా దున్నేశారు, వానలు మొహం చాటేశాయి, మట్టి గాల్లోకి లేచింది. ఆ ఇంట్లో భోజనానికి కంచాలు బోర్లించి పెడతారు, గ్లాసులూ బోర్లించే. వడ్డించే క్షణంలోనే తిప్పాలి. లేకపోతే కంచంలో దుమ్ము. ఆ ప్రాంతంలో అప్పట్లో వచ్చిన పేపర్లు తిరగేసి రాసిందావిడ. ఆ ఓక్లహోమా వాళ్ళే బతుకుతెరువుకి కాలిఫోర్నియా పోయారు. దానికి జంట పామ్ మున్యోజ్ రయన్ 'ఎస్పెరాంజా రైజింగ్'. అమ్మమ్మ కథ ఆధారంగా రాసింది. మెక్సికన్ కూలీల క్యాంపు పక్కన ఓక్లహోమా వాళ్ళకి కొత్త క్యాంపు కడతారు, స్విమ్మింగ్ పూల్‌తో సహా. మెక్సికన్లని శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే దిగనిస్తారు. ఎందుకంటే శనివారం పొద్దున పూల్ కడుగుతారు. మొదటి పుస్తకంలో జాలిపడ్డ మనుషుల్ని రెండో పుస్తకంలో ఆ పూల్ ఒడ్డున చూడాలి. మా అమ్మాయికి కోపం వచ్చింది, ఎవరి మీద పడాలో తెలియక నా మీద పడింది.

చిన్న పిల్లలున్నవాళ్ళు 'ఆక్స్-కార్ట్ మ్యాన్' తీసుకోండి. డొనాల్డ్ హాల్ మాటలు, బార్బరా కూనీ బొమ్మలు, 1979. న్యూ హాంప్‌షైర్ రైతు ఏడాదంతా ఇంట్లో చేసినవన్నీ ఎద్దుబండికెత్తి పోర్ట్స్‌మత్ సంతకి నడుస్తాడు. సరుకు అమ్ముతాడు, డబ్బాలు అమ్ముతాడు, బండి అమ్ముతాడు, ఎద్దు ముక్కు మీద ముద్దుపెట్టి ఎద్దునీ అమ్ముతాడు, కాడి కూడా. ఇంటికి ఒక ఇనప కెటిల్, ఒక సూది, ఒక చాకు, పిప్పరమెంట్లు. దీనికి జంట దొరకలేదు నాకు. ఒంటరిగా ఉంది బల్ల చివర.

ఆఖరుది మనకి చుట్టం లాంటిది. ఉమా కృష్ణస్వామి రాసిన 'స్టెప్ అప్ టు ద ప్లేట్, మరియా సింగ్', 2017. కాలిఫోర్నియా యూబా సిటీ, 1945. తండ్రి పంజాబీ, తల్లి మెక్సికన్. అప్పట్లో పంజాబీ రైతులు ఇక్కడికి భార్యల్ని తెచ్చుకునే వీల్లేదు. చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళాడారు. కాలిఫోర్నియా 1913 చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు నేల కొనకూడదు. 1923లో సుప్రీంకోర్టు, భారతీయులు 'తెల్లవాళ్ళు' కారు కాబట్టి పౌరులు కాలేరు అని తేల్చింది. మరియాకి సాఫ్ట్‌బాల్ ఆడాలని. వాళ్ళ నాన్న ఏళ్ళుగా సాగుచేస్తున్న నేలని యజమాని అమ్మేస్తానంటాడు, నాన్న కొనలేడు, డబ్బుండీ కొనలేడు. పౌరసత్వానికి దారి తెరుచుకుంది 1946లో. గ్రీన్ కార్డు క్యూలో ఉండి ఇల్లు కొనాలా వద్దా అని టెన్షన్ పడుతున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు. ఇది పిల్లలకి ఇచ్చే ముందు మీరే చదివేస్తారు.

దీన్ని దేనికి జంట కట్టానో బల్ల దగ్గర చూసుకోండి. 'ఎస్పెరాంజా' ఇంకో కాపీకి. ఒకటే లోయ, పదిహేనేళ్ళ తేడా. కార్డు మీద ఎన్ని పుస్తకాలైనా ఇస్తారు, కౌంటర్ దగ్గర అమ్మాయికి చెప్పి ఉంచాను. ఒక్కటే మనవి. పోయిన నెల కూడా ఇలాగే కట్టి పెడితే ఎవరో రబ్బరు బ్యాండ్ తీసి 'లిటిల్ హౌస్' ఒక్కటే పట్టుకెళ్ళారు. ఒమకయాస్ మూడు వారాలు ఇక్కడే పడి ఉంది. ఈసారి రెండేసి రబ్బరు బ్యాండ్లు వేశాను.